ఎక్కువసార్లు పిలిచిన గొంతు

ఇందు తలుపు దగ్గర నిలబడి ఐదుసార్లు "అమ్మా" అని పిలిచింది. హరిప్రియ తల తిప్పలేదు. కంప్యూటర్ తెర మీద, ఆమె ధ్యాస ఎటు మళ్ళుతోందో చూపే ఆకుపచ్చ గీత కూడా కదలలేదు.

ఈ సంగతి ఆమెకు అరగంట తర్వాత, చెవి వెనక అంటించుకున్న బిళ్ళను తీసేసి రికార్డింగు చూసుకున్నప్పుడు తెలిసింది. ఐదు పిలుపులూ స్పష్టంగా వినిపించాయి. ఎనిమిదేళ్ళ పిల్ల. ఒక జడ వేసి ఉంది, రెండోది విడిపోయి ఉంది, చేతిలో ఎర్ర రిబ్బను. ఐదోసారి పిలిచాక కాసేపు అమ్మ వీపు వైపు చూసి, రిబ్బను పళ్ళతో పట్టుకుని తానే జడ అల్లుకుంటూ వెళ్ళిపోయింది.

హరిప్రియ కుర్చీలో కూర్చోలేకపోయింది. మంచానికీ బీరువాకూ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలో అటూ ఇటూ తిరుగుతూ, కరీంనగర్‌లో ఉన్న సహోద్యోగి ఫర్హానాకు ఫోన్ చేసింది.

"సున్నా, ఫర్హానా! ఐదు పిలుపులకు సున్నా!"

"ఆరో వారానికేనా మేడం? మనం పది వారాలనుకున్నం గద!" ఫర్హానా గొంతులో నవ్వు, ఆ వెనక మిక్సీ చప్పుడు.

ఆ నాలుగడుగుల జాగాయే నాలుగేళ్ళుగా హరిప్రియకు ఆఫీసు, ప్రయోగశాల కూడా. మెదడు ధ్యాసను కొలిచే పరికరాలు చేసే 'నిశ్చల' అనే కంపెనీ హైదరాబాద్‌లోని భవనాన్ని ఖాళీ చేసి, అందరినీ ఇళ్ళ నుంచే పని చేయమన్నప్పుడు ఆమె సంతోషించింది. హనుమకొండ బాలసముద్రంలో మూడో అంతస్తు ఫ్లాటు, పరకాల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే భర్త వేణుమాధవ్, అప్పుడప్పుడే బడికి పోతున్న కూతురు. బస్సుల వెంట పరుగెత్తే పని లేదు. పిల్ల కళ్ళ ముందే పెరుగుతుంది.

జరిగింది వేరు. ఆఫీసు పడకగదిలోకి వచ్చింది గానీ తిరిగి పోలేదు. మీటింగు మధ్యలో కుక్కర్ కూత, కొరియర్ అబ్బాయి బెల్లు. "ఇంట్లనే ఉంటవు గద, మా పిల్లగాన్ని జర చూస్తవా?" అంటూ ఎదురింటామె. మధ్యాహ్నం అన్నం నాలుగింటికి, నిలబడి. పని ముగిసిందని చెప్పే గంట లేదు. లేచి వెళ్ళే దారి లేదు, ఆ దారిలో ఎవరికీ చెందకుండా గడిచే అరగంటా లేదు. పడుకుంటే కంప్యూటర్ బల్ల కనిపించేది, బల్ల దగ్గర కూర్చుంటే మడత పెట్టాల్సిన బట్టలు కనిపించేవి.

ఒకరోజు వేరే దేశపు వైద్యులతో మాట్లాడుతుండగా ఇందు పరుగెత్తుకొచ్చి, అప్పుడే ఊడిన పన్ను చూపించింది. హరిప్రియ మైకు ఆపి కసిరింది. పిల్ల పన్నును గుప్పిట్లో దాచుకుని గోడకు అంటుకుపోయింది. ఆ మొహం హరిప్రియను చాలాకాలం స్థిమితంగా కూర్చోనివ్వలేదు. పిల్లను మళ్ళీ ఎన్నడూ కసరకూడదు అనుకుంది. కసరకుండా ఉండాలంటే పిల్ల గొంతు తనను కదిలించకుండా ఉండాలి. ఆ బిళ్ళ ఆలోచన అలా పుట్టింది. కంపెనీ దానికి 'నెమ్మది' అని పేరు పెట్టింది.

దాన్ని వాడి చూడటానికి ముందుకొచ్చిన పదకొండు మందికీ ఆమె ఒకే ప్రశ్న వేసేది.

"మీ గదిల ఫ్యాన్ తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది మేడం."

"నేను అడగకముందు దాని చప్పుడు మీకు తెలిసిందా?"

"లేదు."

"చెవి వింటనే ఉన్నది, మెదడు పట్టించుకుంటలేదు. అంతే. మీ ఇంట్ల వాళ్ళ గొంతులు పది నిమిషాలు దీనికి వినిపించండి. ఆ గొంతు వచ్చినప్పుడల్లా ఇది మెదడుకు, ఇది ఫ్యాన్ చప్పుడే అని చెప్తది. తీసేస్తే మళ్ళ మామూలే."

మామూలే అవుతుందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. తన బిళ్ళకు ఇందు గొంతూ, వేణు గొంతూ ఇచ్చింది.

దసరా సెలవుల్లో ఒక బుధవారం వేణుకు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. ఐదింటికి అతడు ఇంటికి వచ్చేసరికి బాత్రూం తలుపు అవతల నుంచి బొంగురు గొంతు వినిపించింది. గడియ ఇరుక్కుపోయింది. అతడు భుజంతో నాలుగుసార్లు గుద్దితే గడియ ఊడి కిందపడింది. ఇందు తడి నేల మీద, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుని ఉంది.

హరిప్రియకు వినిపించింది గడియ ఊడిన చప్పుడు. బిళ్ళ తీసేసి పరుగెత్తుకొచ్చింది.

"మూడింటి సంది మొత్తుకుంటున్నదంట," అన్నాడు వేణు. అరవలేదు. అతడు అరవకపోవడమే ఆమెను భయపెట్టింది. "రెండు గంటలు. నీకు ఇనవడలే?"

"పై ఫ్లాటులో టైల్స్ పని నడుస్తున్నది వేణూ. తలుపు కొడుతుంటే అదే అనుకున్న..."

ఇందు తండ్రి చొక్కాలో మొహం పెట్టుకుని చెప్పింది. "అమ్మ నీళ్ళకు వచ్చింది డాడీ. చెప్పుల చప్పుడు ఇనవడ్డది నాకు. ఈడికెల్లే పోయింది. ఆగలే."

నిజమే. నాలుగింటికి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగింది. ఆ తలుపు ముందు నుంచే వెళ్ళింది, వచ్చింది.

ఇక ఇంట్లో తనూ పిల్లా ఇద్దరే ఉంటే బిళ్ళ పెట్టుకోనని భర్తకు మాట ఇచ్చింది. పెట్టుకోలేదు కూడా. అప్పటికి పన్నెండు వారాలు పూర్తయ్యాయి, ఫలితాలన్నీ చేతికొచ్చాయి. డైరెక్టర్ శ్రీకర్ వీడియోలో చప్పట్లు కొట్టాడు. కొత్త సంవత్సరం మొదటి వారంలో నలభై వేల మందికి 'నెమ్మది' పంపాలని తేదీ ఖాయమైంది.

డిసెంబరులో ఇందు బడి వార్షికోత్సవం. ఫంక్షన్ హాలులో మూడో వరుసలో హరిప్రియ, వేణు కూర్చున్నారు. బిళ్ళ ఇంట్లో సొరుగులో ఉంది. ఇందుది ఏకపాత్రాభినయం, బస్సు కండక్టరు వేషం. భుజానికి తోలు సంచి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. మైకు తన మొహం కంటే పెద్దదిగా ఉంటే రెండు చేతులతో నోటికి దగ్గరగా పట్టుకుంది.

హరిప్రియ ఎదురుచూసింది. మైకు పాడైందనుకుంది. పక్కనున్నవాళ్ళ వైపు చూసింది.

హాలు ఘొల్లుమని నవ్వింది.

స్పీకర్ల గరగర వినిపిస్తోంది. వెనక వరుసలో ఎవరో దగ్గుతున్నారు. ఎవరి చేతి గాజులో చప్పుడవుతున్నాయి. వేణు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. వేదిక మీద పిల్ల చేతులు ఊపుతోంది, టికెట్లు చించుతోంది, ఎవరినో వెనక్కి జరగమంటోంది. కానీ ఆ పిల్ల గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు. హరిప్రియ పక్కవాళ్ళు నవ్వినప్పుడు నవ్వింది. వాళ్ళు చప్పట్లు కొట్టినప్పుడు కొట్టింది.

"ఎట్లున్నదమ్మా?" ఇందు కిందికి దిగి, ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది. పెదవులు కనిపించాయి కాబట్టి అర్థమైంది. అప్పుడే హరిప్రియకు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇన్ని వారాలుగా తను కూతురి మాటలను కళ్ళతో అందుకుంటోంది. వింటున్నానని అనుకుంటోంది.

"మస్తున్నది బిడ్డా," అంది.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళగానే పరికరాలన్నీ తగిలించుకుని కూర్చుంది. ఫోన్లో అవతల ఫర్హానా, హరిప్రియ పంపిన ఇందు మాటల రికార్డింగును నడిపించింది. రెండు గీతలు. పై గీత చెవిది, కింది గీత ధ్యాసది. పై గీత ఎగిరెగిరి పడుతోంది. కింది గీత నిద్రపోతోంది.

"ఇంక పెట్టలేదా?" అడిగింది హరిప్రియ.

"మూడోసారి నడుస్తున్నది మేడం."

ఫర్హానా ఆ గొంతు శ్రుతిని పెంచి, కొంచెం సన్నగా చేసింది. వెంటనే ఎవరో బొమ్మలాంటి పిల్ల మాటలు వినిపించాయి. మళ్ళీ తగ్గిస్తే మాయమయ్యాయి. వేణు గొంతు పెడితే చక్కగా వినిపించింది. హరిప్రియ ఆ తేడా వైపు చాలాసేపు చూసింది. వేణు పొద్దంతా బయట ఉంటాడు. పిలిచేది తక్కువ. పిలిచిన ప్రతిసారీ బిళ్ళ మెదడుకు ఒక పాఠం చెప్పింది. ఎవరు ఎక్కువసార్లు పిలిచారో వాళ్ళ పాఠమే ముందు ముగిసింది.

ఫోన్లో ఫర్హానా నడుస్తున్న రికార్డింగును మధ్యలో ఆపేసింది. ఆమె కూడా ఆ పదకొండు మందిలో ఒకరు.

"ఏమైంది ఫర్హానా?"

"మా అత్తమ్మ పది రోజుల నుంచి నాతోని మాట్లాడుతలేదు మేడం," అంది ఆమె మెల్లగా. "అలిగిందనుకున్న. నేను గూడ బెట్టుకు పోయి పలకరిస్తలేను."

మిగతావాళ్ళకు హరిప్రియ ఒక్కొక్కరికే వీడియో కాల్ చేసింది. నిజామాబాద్‌లో గంగాధర్ అనే ప్రోగ్రామర్ ఉత్సాహంగా మాట్లాడాడు. పని రెట్టింపు అయిందన్నాడు. బిళ్ళ తీసి పక్కన పెట్టి, ఒకసారి మీ భార్యను వెనక నుంచి పిలవమనండి అని ఆమె అడిగింది.

"చెప్పిన మేడం, తలూపింది. ఇంక రాలే. పనిల ఉన్నట్టున్నది."

అతడి భుజం వెనక భార్య లావణ్య నిలబడి ఉంది. చేతిలో కంచం. "ఏమండీ" అంది. హరిప్రియకు స్పష్టంగా వినిపించింది. "ఏమండీ, అన్నం." గంగాధర్ కెమెరాలోకి నవ్వుతూ చూస్తూ ఉన్నాడు. ఆమె మూడోసారి పిలిచి, కంచాన్ని అతడి మోచేతి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఇంకోసారి పిలిస్తే పలుకుతాడన్న ఆశ ఆ మొహంలో లేదు. గంగాధర్ కంచం వైపు చూసి ఉలిక్కిపడ్డాడు.

"అరె, ఎప్పుడు వచ్చి పోయింది?"

పదకొండు మందిలో తొమ్మిది మంది అలాగే తేలారు. ఆ తొమ్మిది మందిలో ఒక్కరూ ఏదో తేడా ఉందని చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకు తెలియదు. కంపెనీకి వెళ్ళింది అంకెలు మాత్రమే, ఆ అంకెలన్నీ బాగున్నాయి.

హరిప్రియ నివేదిక పంపింది. మూడు మీటింగులు జరిగాయి. తెర మీద పన్నెండు చిన్న గడులు, పన్నెండు మొహాలు. సగం మంది ఇంకేదో పని చేసుకుంటున్నారని వాళ్ళ కళ్ళే చెబుతున్నాయి. ఆమె మాట్లాడటం పూర్తయ్యాక ఎవరో "మీ మాట తెగిపోయింది, మళ్ళీ చెప్తారా?" అన్నారు. చివరికి శ్రీకర్ తేల్చేశాడు. "హరిప్రియ గారూ, ఇది తాత్కాలికమే అయ్యుంటుంది. వాడకం పుస్తకంలో చివరి పేజీలో ఒక హెచ్చరిక రాద్దాం. తేదీ మార్చలేం."

ఆమె గదిలో తిరిగింది. కిటికీ తీసింది, మూసింది. వెళ్ళి గట్టిగా అడగడానికి ఒక ఆఫీసంటూ లేదు. తలుపు తోసుకుని వెళ్ళడానికి ఒక తలుపు లేదు. నాలుగేళ్ళలో శ్రీకర్‌ను ఆమె ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. పాత మెయిళ్ళలో వెతికితే హబ్సిగూడలో అతడి ఇంటి చిరునామా దొరికింది.

ఆదివారం పొద్దున ఇందును వెంటబెట్టుకుని బస్సెక్కింది. పిల్లను ఎందుకని వేణు అడిగాడు.

"కాగితం మీద రాస్తే నమ్ముతలేరు," అంది ఆమె.

శ్రీకర్ లుంగీ మీద తలుపు తీశాడు. తెర మీద కనిపించినంత పొడుగు లేడు. ఆమెను గుర్తుపట్టి కంగారుపడ్డాడు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెచ్చాడు. హరిప్రియ కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

"సార్, మీరు మా పాప వెనక నిలబడండి. నన్ను పిలవమని చెప్పండి. నేను విన్నప్పుడు చెయ్యి ఎత్తుత."

గోడ మీద ఒక పాత గడియారం ఉంది. ఆమె సెకన్ల ముల్లునే చూస్తూ కూర్చుంది. అది ఒక చుట్టు తిరిగింది. పక్కింట్లో టీవీ వినిపిస్తోంది. రోడ్డు మీద కూరగాయల బండివాడు వంకాయలని అరుస్తున్నాడు. ముల్లు రెండో చుట్టు సగం తిరిగింది. వంటింట్లో నుంచి శ్రీకర్ భార్య చేతిలో గరిటెతో పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పిల్ల ఎంత గట్టిగా అరిచిందో హరిప్రియకు ఆ మొహం చూశాక తెలిసింది.

వెనక్కి తిరిగింది. ఇందు మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. శ్రీకర్ సోఫా చేతి మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు.

"మనమందరం ఒక్క గదిలో పని చేసుంటే రెండో నెలలోనే తెలిసిపోయేది సార్," అంది హరిప్రియ. "టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు అడిగేటోళ్ళు, ఏందమ్మా, ఫోన్ల మీ పాప పిలిస్తే పలుకుతలేవని. ఎవరిళ్ళల్ల వాళ్ళం కూసున్నం. అడిగేటోళ్ళు లేకపాయె."

శ్రీకర్ మొహం మీది చేతులు తీశాడు. ఇందు వైపు చూసి, "గొంతు నొప్పెడుతోందా తల్లీ?" అని అడిగాడు. ఆ మధ్యాహ్నమే అతడు కంపెనీ పెద్దలందరికీ వరసగా ఫోన్లు చేశాడు. 'నెమ్మది' ఆగిపోయింది. నాలుగు నెలల్లో 'నిశ్చల' కూడా మూతపడింది.

పోయినదాన్ని తిరిగి తెచ్చే పని మిగిలింది. హరిప్రియ ఈసారి దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. నయీంనగర్‌లో ఒక డెంటల్ క్లినిక్ పైన గది అద్దెకు తీసుకుంది. పొద్దున పదింటికి వెళ్ళేది, సాయంత్రం ఆరింటికి తాళం వేసి వచ్చేది. ఫర్హానా వారానికి మూడు రోజులు కరీంనగర్ నుంచి వచ్చేది. తొమ్మిది మందిలో ఆరుగురు తమవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవారు. గంగాధర్ ఒక్కడే వచ్చేవాడు. లావణ్య పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె ఫోన్లో పంపే మాటల రికార్డింగులే అతడికి మందు. కొన్ని వారాలకు అవీ రావడం మానేశాయి. అతడు పాతవాటినే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని కూర్చునేవాడు.

వైద్యం చూడటానికి తేలికే. దగ్గరివాళ్ళు జేబుకు చిన్న స్పీకరు తగిలించుకుని మాట్లాడాలి. అది గొంతును కొద్దిగా మార్చి వినిపిస్తుంది. మారిన గొంతు మెదడుకు కొత్తది కాబట్టి వింటుంది. వారం వారం ఆ మార్పును కాస్త కాస్త తగ్గిస్తూ అసలు గొంతు దాకా రావాలి. ఫర్హానాకు మూడు నెలల్లో అత్తమ్మ గొంతు తిరిగొచ్చింది. మొదట వినిపించింది తిట్లేనని చెప్పి, నవ్వుతూ ఏడ్చింది.

హరిప్రియకు అంత తొందరగా రాలేదు. పైగా ఇందు విసిగిపోయింది. "నేను రోబోలెక్క మాట్లాడుతున్ననంట. అందరు నవ్వుతున్నరు," అని ఒకరోజు స్పీకరు పీకి మంచం కిందికి విసిరింది. తర్వాత అమ్మతో మాట్లాడటమే తగ్గించింది. ఏదైనా కావాలంటే తండ్రికి చెప్పేది, లేదా కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించేది. రెండు జడలూ తానే వేసుకునేది. హరిప్రియ ఆరింటి తర్వాత పూర్తిగా ఇంట్లోనే ఉండేది, ఫోన్ కూడా ముట్టుకునేది కాదు. కానీ అప్పటికి ఆ ఇంట్లో ఆమెను పిలిచేవాళ్ళు లేరు. ఆమె ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, ఏదో పని ఉన్నట్టు తిరిగేది.

"జర టైం ఇయ్యి దానికి," అనేవాడు వేణు.

"ఎంత?" అని ఆమె అడిగితే అతడు వెళ్ళి ఫ్రిజ్ మీది కొత్త కాగితం చదివేవాడు. స్పీకరు ఇందు వద్దన్నా, హరిప్రియ పాత రికార్డింగులతో సాధన మాత్రం రోజూ నయీంనగర్ గదిలో చేస్తూనే వచ్చింది.

మరుసటి ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం హరిప్రియ ఆటో దిగి అపార్టుమెంటు గేటులోకి నడిచింది. వాన వెలిసి గంటయింది. కింద కార్ల మధ్య ఖాళీలో పిల్లలు సుద్దముక్కతో గీతలు గీసుకుని ఆడుతున్నారు. కార్ల అవతల నుంచి ఎవరో పిల్ల గట్టిగా పోట్లాడుతోంది.

"ఔటెట్లయితది? గీత లోపల్నే ఉన్న! నువ్వు సక్కగ చూసినవా?"

కొంచెం బరువైన గొంతు. చివర్లో జీర. ఎవరి పిల్లో గడుసుదే అనుకుంది హరిప్రియ. రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చినవాళ్ళ అమ్మాయి కావచ్చు. తెల్లకారు పక్క నుంచి మలుపు తిరిగింది.

నడుం మీద చేతులు పెట్టుకుని పోట్లాడుతున్నది ఇందు.

హరిప్రియ సంచి చేతిలోంచి జారిపోయింది. నెలల తరబడి స్పీకరులోంచి వచ్చిన బొమ్మగొంతును, ఏడాది కిందటి రికార్డింగులను మాత్రమే విన్న మనిషికి తొమ్మిదేళ్ళ కూతురి గొంతు ఎలా ఉంటుందో తెలియదు. పరాయి పిల్ల అనుకుంది. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

పిల్లలు ఆట ఆపి చూశారు. ఇందు చూసింది. అమ్మ మొహంలో ఏదో మారిందని ఆమెకు అర్థమైనట్టుంది, కానీ దగ్గరికి రాలేదు. నమ్మి మోసపోయిన రోజులు ఆ పిల్లకు చాలా ఉన్నాయి. కావాలనే అమ్మకు వీపు చేసి తిరిగింది. పెదవులు కనిపించకుండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా మెల్లగా అంది.

"నాకు సైకిల్ కావాలె."

"ఏ రంగుది?" అంది హరిప్రియ.

ఇందు వెంటనే తిరగలేదు. నోటి మీది చేతులు మాత్రం మెల్లగా కిందికి దిగాయి.

"ఆకుపచ్చది," అంది, ఇంకా ఇటు తిరగకుండానే. "గేర్లు ఉన్నది."